కరెంటు కట్ మెసేజ్, కేవైసీ లింకు, చలానా ఫైలు: మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి ఏమేం వస్తున్నాయి? ఇక్కడ రాయండి

నాగావళి_గట్టు | శ్రీకాకుళం | ఆదివారం ఉదయం 9:05

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం నాన్నగారి ఫోనుకి వచ్చిన మెసేజ్ గురించి రాస్తున్నాను. ఇంగ్లీషులో ఉంది, అర్థం ఇదీ: "ప్రియమైన వినియోగదారుడా, గత నెల బిల్లు అప్‌డేట్ కానందున ఈ రాత్రి 9.30కి మీ కరెంటు తీసేస్తాం. వెంటనే మా విద్యుత్ అధికారిని సంప్రదించండి." కింద ఒక పదంకెల సెల్ నంబరు.

నాన్న రిటైరైన మనిషి. బిల్లు ఏ నెలా గడువు దాటనివ్వరు. అయినా నాకు ఫోన్ చేసి, "ఏటి బాబూ, కట్టీసిన బిల్లు కట్టలేదంటున్నారు, ఓసారి మాటాడీమంటావా?" అని అడిగారు. వద్దన్నాను, ఆగారు. రాత్రి పది దాటినా కరెంటు పోలేదు. కానీ ఆ రెండు గంటలూ అమ్మా నాన్నా గోడ మీద గడియారం చూస్తూనే కూర్చున్నారట. ఎవడో రాసిన రెండు ముక్కలకి మనింట్లో పెద్దవాళ్లు అలా బెంగపడడం నాకు చాలా బాధనిపించింది.

మీ ఇళ్లల్లో ఏం వస్తున్నాయో, ఎలా పట్టుకున్నారో రాయండి. అన్నీ ఒకచోట ఉంటే పెద్దవాళ్లకి చదివి వినిపిస్తాను.

కౌంటర్_నంబర్_3 | విజయనగరం | ఆదివారం ఉదయం 9:48

బ్యాంకులో పనిచేస్తాను. మీ నాన్నగారు ఆ నంబరుకి చెయ్యకుండా ముందు మిమ్మల్ని అడగడమే సగం కాపాడింది. వెంటనే డబ్బు ఎత్తుకుపోవడానికి పంపే మెసేజ్ కాదది, మనతో ఫోన్ చేయించుకోవడానికి. చేశాక "పది రూపాయలు కట్టండి, రికార్డు సరిచేస్తాం" అని ఓ యాప్ పెట్టిస్తారు. ఆ యాప్‌తో మన స్క్రీను వాడికి కనబడుతుంది. పది రూపాయలు కట్టడానికి మనం కొట్టే పిన్ను కూడా వాడు చూస్తాడు.

ఆ మెసేజ్‌లో ఏం లేదో చూడండి. సర్వీసు నంబరు లేదు. మీ నాన్నగారి పేరు లేదు. బకాయి ఎంతో లేదు. మన రెండు జిల్లాలకీ కరెంటు ఇచ్చేది ఏపీఈపీడీసీఎల్. వాళ్ల బిల్లు కాగితం మీద ఈ వివరాలన్నీ ఉంటాయి, గడువు తేదీతో సహా. అనుమానం వస్తే 1912కి చేయండి, లేదా సెక్షన్ ఆఫీసుకి వెళ్లండి. మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకి మాత్రం వద్దు.

ఇంకోటి, మెసేజ్ ఎవరి పేరుతో వచ్చిందో పైన చూడండి. బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు పంపే ఎస్ఎంఎస్ పదంకెల నంబరు నుంచి రాదు. రెండు అక్షరాలు, ఒక అడ్డగీత, తర్వాత సంస్థ కోడు ఉంటాయి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో తెచ్చిన మార్పుతో చివర ఇంకో అక్షరం కూడా వస్తోంది. ప్రభుత్వానిదైతే జి, లావాదేవీలకి టి, సర్వీసు మెసేజ్‌కి ఎస్, ప్రకటనలకి పి. 2024 అక్టోబరు నుంచి ఇలాంటి రిజిస్టరైన పేర్లతో పంపే మెసేజ్‌లో లింకు ఉండాలంటే ఆ లింకు కూడా ముందే నమోదై ఉండాలి. అందుకే దొంగలు మామూలు సెల్ నంబర్లకీ, వాట్సాప్‌కీ మళ్లారు. అలాగని పైన పేరు సరిగ్గా ఉంది కాబట్టి కళ్లు మూసుకుని నొక్కీమని కాదు.

రాజాం_సెల్_పాయింట్ | రాజాం | ఆదివారం ఉదయం 10:30

నా షాపుకి ఈ కేసులే వస్తన్నాయండి. ఎక్కువ చలానా ఫైలు. "మీ బండికి ట్రాఫిక్ చలానా పడింది, ఫొటో చూడండి" అని వాట్సాప్‌లో ఒక ఫైలు. పేరు చివర డాట్ ఏపీకే ఉంటది. అది ఫొటో కాదు, ఆండ్రాయిడ్ యాప్. పెళ్లి కార్డు పేరుతోనూ, పీఎం కిసాన్ పేరుతోనూ అదే ఫైలు తిరుగుతంది.

మొన్న ఒక రైతు వచ్చారు. ఫైలు నొక్కితే ఏమీ తెరుచుకోలేదు, అందుకే వదిలీసినానన్నారు. ఫోన్ తీసి సెట్టింగ్స్‌లో యాప్‌ల లిస్టు చూస్తే అడుగున ఒకటుంది. బొమ్మ లేదు, పేరు చోట ఖాళీ. దానికి ఎస్ఎంఎస్ చదివే పర్మిషన్ ఇచ్చీసి ఉంది. అంటే ఆయనకొచ్చే ఓటీపీలన్నీ ఎక్కడికో పోతన్నాయి. తీసీద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ బటన్ పని చెయ్యలేదు. డివైస్ అడ్మిన్ అనే చోట టిక్కు పెట్టించుకున్నాది. అది తీసినాకే పోయింది.

ఇలాగ ఎవరికైనా జరిగితే ముందు నెట్ ఆపీయండి, ఫ్లైట్ మోడ్ పెట్టీయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా, యూపీఐ ఆపించండి. తర్వాత నెమ్మదిగా యాప్ సంగతి. నన్నడిగితే ఫొటోలు, నంబర్లు వేరే చోట పెట్టుకుని ఫోన్ మొత్తం రీసెట్ కొట్టడమే మంచిది. యాప్ తీసినామని ధీమాగా ఉండొద్దు.

నిజం చలానా ఉందా లేదా అంటే పరివాహన్ ఈ-చలాన్ సైటులో మనమే బండి నంబరు కొట్టి చూసుకోవచ్చు. ఏ ప్రభుత్వమూ వాట్సాప్‌లో యాప్ పంపించి పెట్టుకోమనదు.

గంటస్తంభం_సెంటర్ | విజయనగరం | ఆదివారం ఉదయం 11:12

టీవీలో రోజూ చెప్తున్నారు, కాలర్ ట్యూన్‌లో చెప్పారు, బ్యాంకు గోడల మీద రాశారు. ఇంకా ఓటీపీ చెప్పేవాళ్లని ఏమనాలండి? సగం మంది ఆశకి పోయి పడుతున్నారు. లాటరీ వచ్చిందంటే నమ్మేవాడిని ఎవరు కాపాడతారు?

చీపురుపల్లి_టీచరమ్మ | చీపురుపల్లి | ఆదివారం మధ్యాహ్నం 12:20

సెంటర్ గారూ, మీ మాట నాకు నచ్చలేదు. కోపంతో కాదు, ఒక సంగతి దగ్గరగా చూశాను కాబట్టి చెప్తున్నాను.

మా స్కూల్లో తోటి టీచరు వాళ్ల అమ్మగారికి తల్లికి వందనం డబ్బులు ఆగిపోయాయని మెసేజ్ వచ్చింది. మనవరాలి పేరు మీద పడాల్సిన డబ్బు అది. అప్పట్లో ఊళ్లో కొందరికి పడి కొందరికి పడలేదు, అందరూ సచివాలయం చుట్టూ తిరుగుతున్నారు. సరిగ్గా ఆ వారంలోనే ఆ లింకు వచ్చింది. ఆవిడకి లాటరీ మీద ఆశేం లేదు, పిల్ల చదువుకి హక్కుగా రావాల్సిన డబ్బు గురించి ఆరా తీసింది, అంతే. ఆధార్ నంబరు, కార్డు నంబరు, ఓటీపీ వరసగా అడిగితే ఇచ్చేసింది.

డబ్బు పోయిందని ఆవిడకి అదే రోజు సాయంత్రం తెలిసింది. కానీ ఇంట్లో చెప్పలేదు. కొడుకు తిడతాడని, కోడలి ముందు చులకనైపోతానని భయం. బ్యాంకు మెసేజ్ కూతురు కంటపడేసరికి రెండు రోజులు గడిచిపోయాయి. అప్పటికి ఆ డబ్బు ఎన్ని ఖాతాలు మారిపోయిందో!

"ఆ మాత్రం తెలీదా" అని మనం అనే మాటకి భయపడే పెద్దవాళ్లు దాస్తారు. దాచిన ప్రతి గంటా దొంగకి కలిసొస్తుంది. దయచేసి ఇంట్లో ఎవరినీ తిట్టకండి. "ఏం జరిగినా ముందు నాకు చెప్పమ్మా, నేనేమీ అనను" అని ఇవాళే చెప్పి ఉంచండి. నేను మా అత్తగారికి చెప్పాను. ఇప్పుడు ఏ మెసేజ్ వచ్చినా ఫోన్ పట్టుకుని వంటింట్లోకొచ్చి "ఇది చూడమ్మీ" అంటారు.

కౌంటర్_నంబర్_3 | విజయనగరం | ఆదివారం మధ్యాహ్నం 1:05

టీచరమ్మ గారు చెప్పినదానికి నా వైపు నుంచి రూలు కూడా చెప్తాను.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలో 1930కి చేయాలి. సైబర్ నేరాల జాతీయ హెల్ప్‌లైన్ అది. వాళ్లు డబ్బు చేరిన బ్యాంకుకి కబురు పంపి, ఇంకా ఖాతాలో ఉన్నంత మేరకు ఆపిస్తారు. తీసేసుకున్నాక ఆపడానికి ఏమీ ఉండదు, తొందర అందుకే. ఫోన్ చేసేటప్పుడు ఖాతా వివరాలు, లావాదేవీ నంబరు, ఎంత పోయింది, ఏ టైముకి అన్నవి చేతిలో పెట్టుకోండి. మెసేజ్ చెరిపెయ్యకండి, స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తి చేయాలి. మన బ్యాంకుకి వేరేగా రాతపూర్వకంగా ఇచ్చి రశీదు తీసుకోవాలి.

ఆర్బీఐ 2017 జులైలో ఇచ్చిన సర్క్యులర్ ఒకటుంది. తప్పు మనదీ కాక, బ్యాంకుదీ కాక మరెక్కడో జరిగి డబ్బు పోతే, సమాచారం అందిన మూడు పనిదినాల లోపు చెప్తే మన మీద భారం పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెప్తే కొంత పరిమితి వరకు మనం భరించాలి. ఓటీపీ మనమే చెప్పేసిన కేసుల్లో, బ్యాంకుకి చెప్పేదాకా పోయినదంతా మనదే. కానీ చెప్పిన తర్వాత పోయినది బ్యాంకు భరించాలి. ఇది చాలామందికి తెలీదు. "నాదే తప్పు కదా, వెళ్లి ఏం చెప్తాను" అని ఇంట్లో కూర్చుంటే, ఆ తర్వాత పోయే డబ్బు మీద ఉన్న రక్షణ కూడా పోతుంది.

పలాస_జీడి | కాశీబుగ్గ | ఆదివారం సాయంత్రం 4:40

అందరూ ఫోన్ మెసేజ్‌ల గురించే రాస్తున్నారు. మెయిల్ సంగతి నేను చెప్తాను. మాది చిన్న జీడి పరిశ్రమ. ముడి గింజలు ఇక్కడి పంట సరిపోక ఆఫ్రికా నుంచి కూడా తెప్పిస్తాం. బేరం, ఇన్‌వాయిస్, ఓడ కాగితాలు అన్నీ మెయిల్‌లోనే నడుస్తాయి.

ఆమధ్య మాకు సరుకు ఇచ్చే బ్రోకరు నుంచి మెయిల్ వచ్చింది. "ఆడిట్ వల్ల పాత ఖాతా ఆపేశాం, ఈసారి అడ్వాన్సు ఈ కొత్త ఖాతాకి పంపండి." ఇన్‌వాయిస్ నంబరు సరైనదే. టన్నుల లెక్కా సరైనదే. కింద సంతకం, లోగో అన్నీ అచ్చు అలాగే ఉన్నాయి. మా గుమస్తా డబ్బు పంపే ఫారం కూడా నింపాడు. ఖాతా ఉన్న దేశం వేరేగా ఉందేమిటని మా తమ్ముడికి అనుమానం వచ్చి, పాత నంబరుకి ఫోన్ చేశాడు. బ్రోకరు నెత్తి కొట్టుకున్నాడు. ఆ మెయిల్ ఆయన పంపనేలేదు.

తర్వాత తీరిగ్గా కూర్చుని చూశాం. ఆయన మెయిల్ చిరునామాలో ఇంగ్లీషు ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన ఉన్నాయి. చిన్న అక్షరాల్లో రెండూ కలిసిపోయి ఎమ్ లాగే కనబడతాయి. ఫోన్‌లో చూస్తే పంపినవాడి పేరే కనబడుతుంది, చిరునామా లోపల ఉంటుంది. పేరు మీద వేలితో నొక్కితే బయటికొస్తుంది. కవరు మీద ఎవరి పేరైనా రాయొచ్చు కదా, ఉత్తరం వాళ్లదే అయిపోదు.

మా మాటలు, లెక్కలు వాడికెలా తెలిశాయంటే, ఇద్దరిలో ఎవరిదో ఒకరి మెయిల్ పాస్‌వర్డ్ వాడి చేతిలో ఉండాలి. అప్పటి నుంచి అన్ని మెయిల్స్‌కీ రెండంచెల వెరిఫికేషన్ పెట్టాం. ఖాతా నంబరు మారిందని మెయిల్ వస్తే, ముందు నుంచి మా దగ్గరున్న నంబరుకి ఫోన్ చేసి, గొంతు విన్నాకే పంపుతాం. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకి చేస్తే దొంగే ఎత్తుతాడు. వ్యాపారాలు చేసేవాళ్లు, ముఖ్యంగా పలాస, కాశీబుగ్గ సోదరులు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక్క అడ్వాన్సు పోతే ఏడాది కష్టం పోతుంది.

నాగావళి_గట్టు | శ్రీకాకుళం | ఆదివారం సాయంత్రం 5:15

జీడి గారూ, మంచి సంగతి చెప్పారు. లింకు చూసి అసలుదో కాదో చెప్పడానికి పెద్దవాళ్లకి అర్థమయ్యే పద్ధతి ఏదైనా ఉందా?

కౌంటర్_నంబర్_3 | విజయనగరం | ఆదివారం సాయంత్రం 6:02

ఉంది. లింకు మొదట్లో హెచ్‌టీటీపీఎస్ పక్కనుండే రెండు స్లాష్‌లు వదిలేసి, ఆ తర్వాత మొదటి స్లాష్ వచ్చేదాకా ఉన్న ముక్క తీసుకుని, కుడి నుంచి ఎడమకి చదవండి. అసలు యజమాని ఎవరో కుడి చివరే తెలుస్తుంది. ముందు బ్యాంకు పేరు ఉండి చివర "కేవైసీ-అప్‌డేట్ డాట్ టాప్" అని ఉంటే అది ఆ బ్యాంకుది కాదు. ముందు ఏ పేరైనా తగిలించుకోవచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు.

ఆర్బీఐ బ్యాంకులన్నిటినీ "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" చిరునామాలకి మారమంది. 2025 అక్టోబరు 31 దానికి గడువుగా పెట్టింది. ఆ చివరి ముక్క బ్యాంకులకి తప్ప వేరేవాళ్లకి ఇవ్వరు. ప్రభుత్వానివి ఎక్కువగా "గవ్ డాట్ ఇన్"తో ముగుస్తాయి.

కానీ నిజం చెప్పాలంటే, మా కౌంటరు దగ్గరకొచ్చే పెద్దవాళ్లకి నేను ఇది నేర్పను. లింకు చదవడం చిన్నవాళ్ల పని. వాళ్లకి చెప్పేది ఒకటే: మెసేజ్ చూపించిన దారిలో వెళ్లొద్దు. బ్యాంకు సంగతైతే పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి రండి. 2025 మే 1న రాష్ట్రంలో గ్రామీణ బ్యాంకులన్నీ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా కలిసినప్పుడు, ఖాతా ఉంటుందా పోతుందా అని జనం కంగారుపడ్డారు. ఏ బ్యాంకు పేరు మారినా, ఏ పథకం డబ్బు పడే రోజులైనా దొంగ మెసేజ్‌లకి అదే అదను.

రాజాం_సెల్_పాయింట్ | రాజాం | ఆదివారం రాత్రి 7:30

యూపీఐ గురించి ఒక మాట. డబ్బు రావడానికి పిన్ను కొట్టక్కర్లేదు. పిన్ను అడిగిందంటే మన ఖాతా నుంచి పోతందని. క్యూఆర్ కోడు స్కాన్ చేస్తే డబ్బు వస్తదని ఎవుడైనా చెప్తే వాడు దొంగే. పాత మంచాలు, బీరువాలు ఆన్‌లైన్లో అమ్మినోళ్లకి ఇలాగే పెట్టినారు. మనిషి నుంచి మనిషికి పంపే కలెక్ట్ రిక్వెస్టులు, అంటే డబ్బు పంపమని యాప్‌లో అడిగేవి, 2025 అక్టోబరు నుంచి ఆపీసినారు, మంచిదైంది.

వేలిముద్రతో డబ్బు తీసుకునే ముసలోళ్లుంటే ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టించండి. అవసరమైనప్పుడు తీసి మళ్లీ పెట్టుకోవచ్చు. ఎలాగో తెలీకపోతే 1947కి చేస్తే చెప్తారు. నా షాపుకొచ్చినా పెట్టిస్తాను, డబ్బులొద్దు.

ఉద్దానం_కొబ్బరి | కవిటి | ఆదివారం రాత్రి 8:55

నమస్తే అన్నలకి, అక్కలకి. నాకు వచ్చేవి కరెంటు మెసేజ్‌లు కావు, ఉద్యోగం మెసేజ్‌లు. "ఇంట్లో కూర్చుని వీడియోలకి లైక్ కొట్టండి, రోజుకి ఇంత" అని టెలిగ్రామ్ లింకు. మొదట నూట యాభయ్యో రెండొందలో నిజంగానే వేస్తారు. తర్వాత పెద్ద టాస్కు, దానికి ముందు మనం కట్టాలి. అక్కడితో మొదలు.

రెండో రకం విదేశం. డేటా ఎంట్రీ, నెలకి జీతం డాలర్లలో, వీసా వాళ్లే చూసుకుంటారు. మా ఉద్దానంలో ప్రతి వీధిలో ఒకడు ఓడ మీదో, గల్ఫ్‌లోనో, ఏ ఊళ్లోనో పనికి పోయినవాడే కాబట్టి ఇలాంటి మెసేజ్ వస్తే మాకు వింతగా అనిపించదు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తుందా? మన ఉత్తరాంధ్ర కుర్రోళ్లని డేటా ఎంట్రీ అని తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, ఇలాంటి మోసాలే చేయించారు. ఫోన్ అవతల తెలుగులో మాట్లాడి మన అమ్మని బెదిరించేవాడు మన పక్కూరి కుర్రోడే అయి ఉండొచ్చు, వాడి మెడ మీద ఇంకొకడి చెయ్యి ఉండొచ్చు. ఇది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

ఇప్పుడు మా పిన్ని కొడుకు ఒక ఏజెంటుతో మాట్లాడుతున్నాడు. థాయిలాండ్ అంటున్నాడు. టూరిస్టు వీసా మీద వెళ్లాక మారుస్తాడట. వాడికి ఏం చెప్పాలి?

చీపురుపల్లి_టీచరమ్మ | చీపురుపల్లి | ఆదివారం రాత్రి 9:20

తమ్ముడూ, ముందు డబ్బు కట్టకుండా ఆపు. టూరిస్టు వీసా మీద ఉద్యోగానికి పంపుతానన్నాడంటే అక్కడే తేలిపోయింది. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ఉంటుంది. పేరు, లైసెన్సు నంబరు అడిగి అందులో చూడండి. లైసెన్సున్న ఏజెంటు అభ్యర్థి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ కంటే ఎక్కువ సర్వీసు చార్జీ తీసుకోకూడదు. పిన్ని గారిని కూడా కూర్చోబెట్టి చెప్పు. కుర్రాడొక్కడికే చెప్తే "మీకేం తెలుసు" అంటాడు.

గంటస్తంభం_సెంటర్ | విజయనగరం | ఆదివారం రాత్రి 9:50

టీచరమ్మ గారూ, మీ టపా మా ఇంట్లో చదివి వినిపించాను. మా బాబాయి అప్పుడు నోరు విప్పారు. ఆయనకి వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సులో ఒకడు కనబడి, "మీ ఆధార్ మీద పార్సిల్‌లో మత్తుమందు దొరికింది, ఫోన్ కట్ చేస్తే అరెస్టు" అన్నాడట. ఈయన భయపడి బాత్రూంలోకి వెళ్లి ఫోన్ ఆపేశారట. మాకెవ్వరికీ ఇన్నాళ్లూ చెప్పలేదు. డబ్బేం పోలేదు. కానీ అప్పటి నుంచి తెలీని నంబరు వస్తే ఎత్తడం మానేశారు, ఎందుకో మాకిప్పుడు తెలిసింది.

కౌంటర్_నంబర్_3 | విజయనగరం | ఆదివారం రాత్రి 10:10

సెంటర్ గారూ, బాబాయి గారికి ధైర్యం చెప్పండి. డిజిటల్ అరెస్టు అన్నది చట్టంలోనే లేదు. ప్రధాని కూడా 2024 అక్టోబరు 27 మన్ కీ బాత్‌లో ఇదే చెప్పారు. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చేయడు, డబ్బు పంపి కేసు తేల్చుకోమనడు. ఆ నంబరు ఇంకా ఫోన్‌లో ఉంటే టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైటులో చక్షు అనే చోట ఫిర్యాదు పెట్టండి. డబ్బు పోకపోయినా అక్కడ చెప్పొచ్చు. అందులోనే మన పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో కూడా చూసుకోవచ్చు. మనది కానిది కనబడితే ఆపించండి.

మోడరేటర్ | సోమవారం ఉదయం 7:15

మంచి చర్చ. ఒక విన్నపం: దొంగ లింకులు ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు అతికించకండి, చూసినవాళ్లు పొరపాటున నొక్కుతారు. స్క్రీన్‌షాట్‌లో మీ ఖాతా నంబరు, ఫోన్ నంబరు చెరిపి పెట్టండి. రాత్రి ఇద్దరి పోస్టుల నుంచి తీసేశాను. "పోయిన డబ్బు తెప్పిస్తాం" అని ఈ చర్చ చదివినవాళ్లకి ఎవరైనా విడిగా మెసేజ్ పెడితే అదీ మోసమే, నాకు చెప్పండి.

ఉద్దానం_కొబ్బరి | కవిటి | సోమవారం సాయంత్రం 6:35

అక్కా, చూశాం. ఏజెంటు పేరు ఆ జాబితాలో లేదు. లైసెన్సు నంబరు అడిగితే ముందు రేపు పంపుతానన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. పిన్ని పాస్‌పోర్టు తీసి బీరువాలో పెట్టేసింది. మావాడు అలిగి కూర్చున్నాడు కానీ డబ్బు కట్టలేదు. ఆ ఏజెంటు మా ఊళ్లో ఇంకో ఇద్దరి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడని ఇప్పుడే తెలిసింది. వాళ్లని తీసుకుని రేపు ఉదయం స్టేషన్‌కి వెళ్తున్నాం. రశీదులు లేవు, ఫోన్‌పేలో పంపిన వివరాలు ఉన్నాయి, వాటి ప్రింట్లు తీయించాం.